పేర్ల ముందు థీటా

అక్క పేరు మార్చిన మనిషిని నేను మొదటిసారి చూసింది కరీంనగర్‌లో, ఆయన ఆఫీసు గదిలో. ఆయనే కబురు పెట్టి పిలిపించుకున్నాడు. నేను ఎవరి చెల్లెలినో ఆయనకు తెలియదు. ఆయన ఎవరో నాకు బాగా తెలుసు.

ముందు అక్క సంగతి చెప్పాలి.

మాది సిరిసిల్ల. బాపు పవర్‌లూమ్ మీద పని చేసేవాడు, మేము అవ్వ అని పిలిచే అమ్మ బీడీలు చుట్టేది. అక్కను చొప్పదండిలో ఇచ్చారు. బావ మస్కట్‌లో కట్టడం పనికి పోయాడు. ఇంట్లో అక్కా, ఆమె అత్తా ఇద్దరే. ఆ అత్త చెడ్డ మనిషేమీ కాదు, భయస్తురాలు. కొడుకు పరాయి దేశంలో అంత ఎత్తున నిలబడి పని చేస్తున్నాడని తలుచుకుంటే ఆమెకు అన్నం సహించేది కాదు. పెళ్లయిన రెండో ఏడు బావ పరంజా మీది నుంచి పడ్డాడు. కాలి మడమ నుజ్జయింది. కట్టు కట్టి, విమానం ఎక్కించి ఇంటికి పంపించేశారు.

కొడుకు చంకకర్రలతో గడప దాటేసరికి ఆమె భయం ఒక దారి వెతుక్కుంది. ఎవరో చెబితే కరీంనగర్‌లోని గురూజీ దగ్గరికి పోయింది. ఆయన దగ్గర జాతకాలు, పంచాంగాలు ఉండవు. అక్షరాలు చూస్తాడు. ఇంట్లో అందరి పేర్లూ కంప్యూటర్‌లో కొట్టించి, ఇది మన దేశపు విద్య కూడా కాదనీ, గ్రీకుల గుప్తవిద్య అనీ, రహస్యం తెలిసిన పాత గురువులు దాచిపెట్టినదనీ చెప్పి, కోడలి పేరులోని మొదటి అక్షరం మగవాణ్ణి తినే అక్షరమని తేల్చాడు. కొత్త పేరు రాసిచ్చాడు. ఆ కొత్త పేరును నేనిక్కడ రాయను. పాత పేరు మా అక్కది, దాన్ని కూడా రాయను.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అక్క పాత పేరు ఎవరి నోటా రాకూడదు. అవ్వ ఫోన్ చేసి అలవాటు కొద్దీ పేరు పెట్టి పిలిస్తే, అక్క గొంతు తగ్గించి, "అవ్వా, గా పేరు పిలువకు, అత్తమ్మకు ఇనబడ్తది" అనేది. అవ్వ ఫోన్ పెట్టేసి, తాను పెట్టిన పేరు తానే పిలవకూడని రోజు వచ్చిందని ఏడ్చేది.

పేరు మారింది గానీ మడమ అతకలేదు. మళ్లీ పోయి అడిగితే గురూజీ, పాత అక్షరం ఆ పిల్ల ఒంట్లో ఇంకా ఉందనీ, ఆమె ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ అది పోదనీ అన్నాడు. అక్కను పుట్టింటికి తోలిన రోజు నేను అక్కడే ఉన్నాను. తీసుకురావడానికి బాపుతో పాటు నేనూ పోయాను. బావ తలుపు దగ్గర కర్రల మీద నిలబడి నేల చూస్తున్నాడు. అత్త మాత్రం అక్కను పట్టుకుని ఏడ్చింది.

"నీ మీద కోపం లేదు బిడ్డా. గా అక్షరం మీదనే."

 తిట్టి పంపించినా ఇంత మండేది కాదు.

ఇంటికొచ్చాక అక్క ఏ పేరుకూ పలకడం మానేసింది. అవ్వ వంటింట్లోంచి పిలిస్తే తల తిప్పేది కాదు. భుజం మీద చెయ్యి వేస్తేనే చూసేది. కుట్టుమిషను ముందు కూర్చుంటే పొద్దు గుంకేదాకా కూర్చునేది. ఇరుగుపొరుగు వాళ్లు చెవుడొచ్చిందన్నారు. బాపు చెవుల డాక్టరు దగ్గరికి కూడా తీసుకుపోయాడు. చెవులు మంచిగానే ఉన్నాయని ఆ డాక్టరు చెప్పాడు. బాపు ఆ సంగతి నాకు చెప్పి, చెవులు మంచిగ లేకుంటేనే బాగుండు అన్నాడు.

ఇక నా సంగతి. నేను ఆదిలాబాద్‌లో డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద చరిత్ర చెబుతాను. యూనివర్సిటీలో నా పరిశోధన దేని మీదో చెబితే మా వాళ్లు నవ్వేవారు. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కింద, క్రైస్తవంలోనే జ్ఞానమార్గం అని ఒక దారి పట్టిన వాళ్లు గ్రీకు అక్షరాలకు చెప్పుకున్న మర్మాలు నా విషయం. "గా అక్షరాలతోని మనకేం పని బిడ్డా" అని బాపు అడిగేవాడు. ఆ పని మా అక్క బతుకే నాకు ఇంత క్రూరంగా కల్పిస్తుందని ఎలా అనుకుంటాను?

ఆ అక్షరాలు నాకు పట్టుబడింది మందమర్రిలో. పెద్దమ్మ వాళ్ల బొగ్గుగని కార్మికుల క్వార్టర్ పక్క క్వార్టర్‌లో ఒక పాస్టర్ ఉండేవాడు. అందరూ అయ్యగారు అనేవారు. మతం చదువు చదివేటప్పుడు గ్రీకు నేర్చుకున్న మనిషి. వేసవి సెలవుల్లో పోతే నాకు ఆల్ఫా, బీటా దిద్దించేవాడు. పెద్దయ్యాక నేను ఆ జ్ఞానమార్గం వాళ్ల గురించి చదువుతున్నానంటే, వాళ్లు దారి తప్పినవాళ్లని ముఖం చిట్లించాడు. కానీ ఎక్కడ వ్యాకరణం అర్థం కాకపోయినా విసుక్కోకుండా చెప్పాడు.

ఆ దారి తప్పినవాళ్లంటే నాకు ప్రేమ. వాళ్లలో ఒక గురువు చెప్పింది వినండి. సత్యం ఒక స్త్రీ రూపంలో కనబడిందట. ఆమె ఒళ్లంతా అక్షరాలే. తల మొదటి అక్షరం, చివరి అక్షరం. మెడ రెండోదీ, చివరి నుంచి రెండోదీ. అట్లా రెండు వైపుల నుంచీ కలుపుకుంటూ వస్తే పాదాల దగ్గర నడిమి అక్షరాలు రెండూ కలుసుకుంటాయి. ఏడు అచ్చులు ఏడు ఆకాశాల గొంతులు. అప్పుడే పుట్టిన పిల్ల ఏడుపులో వినబడేది కూడా ఆ గొంతులే. ఒక్క అక్షరాన్ని తీసుకుని దాని పేరు రాస్తే అందులో మరికొన్ని అక్షరాలుంటాయి, వాటి పేర్లు రాస్తే మళ్లీ కొన్ని, ఎంత తవ్వినా అడుగు తగలదు. ఏ అక్షరానికీ పక్క అక్షరం సంగతి తెలియదు. తన చప్పుడే మొత్తం అనుకుంటుంది. అన్నీ ఒకనాడు ఒకే శబ్దంగా పలికినప్పుడు విడిపోయినవన్నీ తిరిగి ఒకటవుతాయి.

ఇందులో మనిషిని తినే అక్షరం ఎక్కడుంది? ఎక్కడా లేదు. నేను ఏళ్ల తరబడి కళ్లు పోయేలా చదివిన చదువును ఒక మనిషి గూగుల్‌లో చూసి, పేరు మాత్రం తీసుకుని, దానితో మా అక్కను ఇంట్లోంచి గెంటించాడు. నా కోపం అక్క కోసం ఎంతో, ఆ అక్షరాల కోసం కూడా అంతే. విడదీసి చెప్పమంటే చెప్పలేను.

కరీంనగర్‌లో ఒక కాలేజీ వాళ్లు నన్ను ఈ విషయం మీద మాట్లాడమని పిలిచారు. ఆ వార్త పేపర్లో చిన్నగా వచ్చింది. తరువాతి వారం గురూజీ ఆఫీసు నుంచి ఫోను. గ్రీకు తెలిసిన మేడంతో మాట్లాడాలట.  

పోయాను. అద్దాల తలుపు, చల్లటి గది, అగరొత్తుల పొగ. తెల్ల లాల్చీ వేసుకున్న నడివయసు మనిషి మర్యాదగా లేచి నిలబడ్డాడు. చాయ్ తెప్పించాడు. ఇప్పుడు తన దగ్గరికి పెద్ద పెద్ద వాళ్లు వస్తున్నారనీ, ఊరి బయట కొత్తగా పీఠం కడుతున్నాననీ, దానికి ముద్రగా ఎవరూ వాడని ఒక గ్రీకు అక్షరం కావాలనీ చెప్పాడు. నేను సత్యమనే స్త్రీ శరీరం గురించి చెప్పబోతే గడియారం చూసుకున్నాడు. ఏ అక్షరానికి బలం ఎక్కువో చెప్పమన్నాడు.

నేను థీటా అన్నాను. కాగితం మీద గీసి చూపించాను. గుండ్రం, మధ్యలో అడ్డగీత. పాత రాతలో అయితే మధ్యన ఒక చుక్క.

"గిది మన ఠ లెక్కనే ఉన్నది గదా మేడం" అని మురిసిపోయాడు.

దాని విలువ తొమ్మిది అన్నాను. కళ్లు మెరిశాయి. ఆ స్త్రీ శరీరంలో దాని చోటు తొడ అన్నాను. తొడ అంటే బలం కదా అని తన తొడ మీదే చేత్తో తట్టుకున్నాడు. గ్రీకులో దేవుడు అనే మాట ఆ అక్షరంతోనే మొదలవుతుంది అన్నాను. ఇక ఆయనకు వేరే అక్షరం అక్కర్లేకపోయింది.

నేను చెప్పిందంతా నిజం. మరణం అనే గ్రీకు మాట కూడా ఆ అక్షరంతోనే మొదలవుతుందని చెప్పలేదు, అంతే. పాత రోమన్ కాలంలో సైనికుల హాజరు పట్టీల్లో చచ్చిపోయిన వాళ్ల పేర్ల పక్కన ఆ గుర్తే పెట్టేవారనీ చెప్పలేదు. ఆయన నన్ను బలం అడిగాడు. అర్థం అడగలేదు.

తిరుగు బస్సులో నిర్మల్ దాటేదాకా నాకు ఒళ్లు తేలికగా ఉంది. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

ఆ తరువాత కరీంనగర్ పోయినప్పుడల్లా థీటా కనబడేది. ఆయన బోర్డు మీద, కారు వెనక అద్దం మీద, ఆటోల మీద, రాగి బిళ్లగా జనం మెడల్లో. గల్ఫ్ నుంచి వచ్చిన వాళ్లు ఉంగరాల మీద చెక్కించుకున్నారు. చూసిన ప్రతిసారీ నాకు కడుపు నిండినట్టు ఉండేది. పీఠం ప్రారంభానికి నన్ను వక్తగా పిలిచారు. గ్రీకు పండితురాలు అని కార్డు మీద వేశారు.

ప్రారంభానికి ముందు మందమర్రి పోయాను. అయ్యగారికి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన అప్పటికి బాగా ముసలివాడయ్యాడు. ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని నేను చెప్పిందంతా విన్నాడు. అక్క సంగతి విన్నప్పుడు కళ్లు మూసుకున్నాడు. నేను చేయబోయేది విన్నాక కళ్లు తెరిచాడు.

"గా అక్షరం నీకు నేర్పింది నేనే బిడ్డా. దాంతోని దేవుని పేరు మొదలైతది. నువ్వు సావొక్కటే చెప్పి ఊకుంటవా?"

"ఆయనకు దేవుని సంగతే చెప్పిన అయ్యగారూ. ఇప్పుడు మిగిలింది చెప్తున్న."

"పగ తీర్చుకునేటోళ్లంత గిట్లనే లెక్క సూపిస్తరు" అన్నాడు. నేను లేచాను. ప్రార్థన చేస్తాను కూర్చోమన్నాడు. బస్సు ఉందని చెప్పి వచ్చేశాను. బస్సు లేదు. బస్టాండులో ఊరికే కూర్చున్నాను.

పీఠం ఊరి బయట, కొత్త వెంచర్ల మధ్య. గడప పక్కనే నల్లరాయి పలక నిలబెట్టారు. కట్టడానికి సాయం చేసిన వాళ్ల పేర్లు వరుసగా చెక్కించారు. ప్రతి పేరు ముందూ బంగారు రంగులో థీటా. ఇది నేను చెప్పింది కాదు. ఆ ఆలోచన ఆయనదే. రెండు వేల ఏళ్ల కిందటి చచ్చిన వాళ్ల పట్టీని ఆయన తనకు తెలియకుండానే మళ్లీ రాయించాడు. నేను ఆ రాయి ముందు నిలబడి పేర్లు చదువుకుంటూ పోయాను. కింద వరుసలో మా బావ పేరు ఉంది.

ఆ పేరు రెండుసార్లు చదివాను. బావ చెడ్డవాడు కాదు, నోరు లేనివాడు. అక్కను తోలిన రోజు తలుపు దగ్గర ఆ నోరు తెరవనందుకే అక్క ఇవాళ ఏ పేరుకూ పలకడం లేదని గుర్తొచ్చింది. లోపలికి పోయాను.

హాలు నిండిపోయింది. మూడో వరుసలో అక్క అత్త, మెడలో రాగి బిళ్ల. నన్ను చూసి గుర్తుపట్టి, అయోమయంగా నవ్వింది. నన్ను వేదిక మీదికి పిలిచారు. గురూజీ శాలువా కప్పాడు. నేను మొదట అక్షరాల శరీరం గురించి చెప్పాను. జనం మర్యాదగా విన్నారు. తరువాత పుస్తకాల తెలుగు వదిలేసి మా ఇంటి మాటలోకి దిగాను. సైనికుల పట్టీల సంగతి, చనిపోయిన వాడి పేరు పక్కన పెట్టే గుర్తు సంగతి చెప్పాను.

"గా గుర్తు గిదే. బయట రాయి మీద మీ పేర్ల ముంగట ఉన్నది."

 వెనక వరుసలో ఒక కుర్చీ జరిగిన చప్పుడయింది. ఎవరో మెడలోంచి బిళ్ల తీశారు. చూస్తుండగానే చేతులన్నీ మెడల మీదికి పోయాయి.

గురూజీ నవ్వుతూ మైకు అందుకున్నాడు. మేడం తమాషాకు అంటున్నారని చెప్పబోయాడు. నేను ఇది తమాషా కాదని, కావాలంటే ఫోన్లలో చూసుకోండని అన్నాను. చాలామంది చూశారు. ఒక కుర్రవాడు పైకే చదివాడు. అప్పుడు గురూజీ నా వైపు తిరిగాడు. మేడం అనే పిలుపు పోయింది, మీరు అనడం పోయింది.

"దేవుని పేరు దాంతోని మొదలైతదని నువ్వే చెప్పినవ్ గదా."

"చెప్పిన. సావు పేరు సుత దాంతోనే మొదలైతది. ఒక్క అక్షరంతోని మంచి మాటా మొదలైతది, చెడ్డ మాటా మొదలైతది. మా అక్క పేరుల మొదటి అక్షరంతోని ఎన్ని మంచి మాటలున్నయి గురూజీ? మీరు ఏది తీసుకున్నరు?"

ఆయనకు అర్థం కాలేదు. ఏ అక్క అని అడిగాడు. అదే నాకు అన్నిటికంటే ఎక్కువ మంట. ఆయనకు గుర్తే లేదు. నేను మూడో వరుస వైపు చెయ్యి చూపించి, చొప్పదండి, మడమ విరిగిన కొడుకు, ఇల్లు దాటించిన కోడలు అని చెప్పాను. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్షరం మనిషిని తింటుందని నేను నమ్మను, నమ్మింది మీ గురువు, ఆయన లెక్క ప్రకారమే మీ పేర్ల ముందు చావు పెట్టించాడు, ఏం చేయాలో ఆయన్నే అడగండి అని చెప్పి శాలువా కుర్చీ మీద వేసి దిగాను.

ఎవరూ కొట్టుకోలేదు, అరుచుకోలేదు. జనం లేచి బయటికి పోయారు. కొందరు రాయి దగ్గర ఆగి తమ పేరు ముందు ఉన్న బంగారు రంగును గోళ్లతో గీకడం చూశాను. వారం తిరక్కుండానే ఆ పలకను పీకేశారట. ఊళ్లో ఆయనకు తీట స్వామి అని పేరు పడింది. పేరు మార్చే మనిషికి ఊరే పేరు మార్చింది. కొన్నాళ్లకు గది ఖాళీ చేశాడు.

ఇవన్నీ అక్కకు చెప్పాను. కుట్టుమిషను ఆపి విన్నది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "ఆయన మొఖం ఎట్లయింది?" అని అడిగింది. చెప్పాను. మరునాడు మళ్లీ అడిగింది. మైకు పట్టుకున్న చెయ్యి ఎట్లా ఉంది, చెమట పట్టిందా, ఎవరి వైపు చూశాడు, అన్నీ కావాలి ఆమెకు. అడిగినప్పుడల్లా చెప్పాను. నాకు విసుగు రాలేదు. మేమిద్దరం అంత దగ్గరగా చిన్నప్పుడు కూడా లేము.

ఎండాకాలం మొదట్లో అత్త సిరిసిల్ల వచ్చింది. తప్పయిందని అవ్వ చేతులు పట్టుకుంది. బావ మడమ కరీంనగర్‌లో ఆపరేషన్ చేయిస్తే కుదురుకుందని చెప్పింది. అయినా భయం మాత్రం పోలేదు. బిళ్ల బాయిలో పడేశాను, ఇంకేమన్న పూజ చేయించాల్నా అని నన్నే అడిగింది.  తరువాత అక్క వైపు తిరిగి ఇంటికి రమ్మని బతిమాలింది.

"ముందుగాల నన్ను నా పేరుతోని పిలువు అత్తమ్మా" అంది అక్క.

ఆమె పిలిచింది. ఇల్లంతా వినబడేలా పిలిచింది. అవ్వ ఏడ్చింది.

"ఆఁ, ఇన్న. ఇగ పోయి రా" అంది అక్క. మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

అక్క పోలేదు. బావ రెండుసార్లు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, రెండుసార్లూ వట్టి చేతులతోనే పోయాడు. ఇప్పుడు ఆమె దగ్గర నలుగురు ఆడపిల్లలు కుట్టుపని నేర్చుకుంటున్నారు. మందమర్రి పోతే అయ్యగారు చాయ్ ఇస్తాడు, కుశలం అడుగుతాడు. గ్రీకు మాట మాత్రం ఎత్తడు. ఆయన మౌనం నాకు బాధగానే ఉంటుంది. కానీ ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ అదే చేస్తాను.

గురూజీ ఇప్పుడు జగిత్యాలలో ఉన్నాడని తెలిసింది. అక్షరాలు మానేసి రత్నాలు మొదలుపెట్టాడట. ఏ రాయి ఏ గ్రహానిదో, ఏ కోడలికి ఏ రాయి పడదో చెబుతున్నాడట. ఆదిలాబాద్ నుంచి నేను ఇంటికి వచ్చే బస్సు ఆ ఊళ్లో ఆగుతుంది. ఈ మధ్య నేను రాళ్ల గురించి చదువుతున్నాను.